కెమెరా కొనేముందు దూరం తేల్చుకోండి

1995లో సోనీ కంపెనీ డీసీఆర్-వీఎక్స్1000 అనే వీడియో కెమెరాను విడుదల చేసింది. మినీడీవీ టేపు మీద డిజిటల్‌గా రికార్డు చేసే తొలితరం కెమెరాల్లో అదొకటి. దాని వీడియో సైజు 720 x 480 పిక్సెళ్లు. ఇవాళ్టి చవక ఫోను కూడా అంతకు ఎన్నో రెట్లు స్పష్టమైన వీడియో తీస్తుంది. అయినా స్కేట్‌బోర్డు వీడియోలు తీసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆ పాత కెమెరా కోసం వెతుకుతూనే ఉన్నారు. దొరికితే కొంటున్నారు. చెడిపోతే విడిభాగాల కోసం మరొకటి కొని మరీ బాగుచేసుకుంటున్నారు.

పాత వస్తువుల మీద మోజు ఒక్కటే దీనికి కారణం కాదు. స్కేట్‌బోర్డుకు సరిగ్గా పనికొచ్చే గుణాలు ఆ కెమెరాలో కొన్ని కుదిరాయి. కొత్త కెమెరా కొందామని బయల్దేరేవాళ్లు ముందుగా వాటిని తెలుసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

మొదటిది, పైన ఉండే పిడి. దాన్ని పట్టుకుని కాస్త వంగి చెయ్యి వేలాడేస్తే లెన్సు నేలకు జానెడు ఎత్తున, స్కేటర్ చక్రాల పక్కకి చేరుతుంది. కెమెరా పట్టినవాడు తన బోర్డు మీద తాను నిలబడి, ఒక కాలితో నేలను తోసుకుంటూ స్కేటర్ వెంటే పోగలడు. రెండోది, ముందు బిగించే ఫిష్‌ఐ లెన్సు. సెంచురీ ఆప్టిక్స్ సంస్థ తయారుచేసిన బరువైన ఉబ్బెత్తు గాజు అది. దాని గుండా చూస్తే దగ్గరున్నది భారీగా కనిపిస్తుంది, కొంచెం దూరం జరిగితే చాలు, చిన్నదైపోతుంది. వీఎక్స్1000కి పక్కకి తెరుచుకునే బుల్లితెర లేదు. కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఒక్కటే. కెమెరా నేల దగ్గర ఉన్నప్పుడు అందులోకి చూడటం కుదరదు కాబట్టి, ఏది ఫ్రేములో ఉందో ఏది లేదో మణికట్టుకే తెలియాలి. ఆ తరం వాళ్లు అలా చూడకుండా తీయడం నేర్చుకున్నారు.

మూడో గుణం శబ్దం. బోర్డు తోక నేలను కొట్టినప్పటి టక్కుమనే చప్పుడు, కాంక్రీటు మీద చక్రాల గరగర, రెయిలింగు మీద లోహం గీరుకుపోయే మోత... వీటిని ఆ కెమెరా మైకు పదునుగా పట్టేది. 2000లో వచ్చిన వీఎక్స్2000 మసక వెలుతురులో ఇంకా బాగా పనిచేసింది, దానికి బుల్లితెర కూడా ఉంది. అయినా శబ్దం కోసమే పాతదాన్ని వదలని వాళ్లున్నారు. స్కేట్‌బోర్డు వీడియోలో సగం ఆనందం చెవులదే. కొత్తవాళ్లు పాట వేసి ఆ చప్పుళ్లన్నీ చంపేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ మూడు గుణాలనూ కలిపేది ఒకటే: దగ్గరితనం. స్కేటర్‌కు చెయ్యిచాపు దూరంలో ఉండి, కిందినుంచి, కదులుతూ తీయడానికి ఆ కెమెరా కుదిరింది. కాబట్టి కొనబోయేవాళ్లు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న 'ఏ కెమెరా మంచిది' అన్నది కాదు. 'స్కేటర్‌కు ఎంత దూరంలో నిలబడి తీయబోతున్నాను' అన్నది. ఆ ఒక్కటి తేలితే లెన్సు, కెమెరా, చివరికి చక్రాలతో సహా అన్నీ తేలతాయి.

చెయ్యిచాపు దూరం

ఒల్లీ అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం. మోకాలెత్తు ఒల్లీ కొట్టిన స్కేటర్ గాల్లో ఉండేది అర సెకను పైచిలుకు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది పదిహేను బొమ్మలు. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మనిషి ఆ కాస్త సమయంలోనే మూడు మీటర్లు ముందుకు పోతాడు. ఆ పదిహేను బొమ్మల్లో తల, చేతులు, పాదాలు, బోర్డు, నేల అన్నీ కనిపించాలి. తల తెగిపోతే మనిషి లేడు, నేల తెగిపోతే ఎత్తు లేదు.

ఆరు మెట్ల మీది నుంచి బోర్డును గాల్లో తిప్పే కిక్‌ఫ్లిప్ అనుకుందాం. ఫిష్‌ఐ పెట్టుకున్నవాడు అడుగు మెట్టు పక్కన, స్కేటర్ దిగబోయే గీతకు చెయ్యిచాపు దూరంలో గొంతుకూర్చుంటాడు. స్కేటర్ పైన ఒక్క తోపు తోయకముందే రికార్డింగ్ మొదలవుతుంది. అతను కనబడగానే లెన్సును కొంచెం పైకి తిప్పుతాడు. బోర్డు గాల్లో తిరుగుతుండగా దానితోపాటే లెన్సు కిందికి వస్తుంది. చక్రాలు నేలను తాకే క్షణానికి లెన్సు చక్రాల ఎత్తున ఉంటుంది. అక్కడితో ఆపకూడదు. స్కేటర్ మోకాళ్లు నిటారు చేసుకుని, భుజాలు వదులు చేసుకుని, పది అడుగులైనా దొర్లిపోయేదాకా పట్టాలి. చేతులు నేలకు ఆనకుండా, తూలకుండా దొర్లిపోతేనే ఆ ట్రిక్కు లెక్కలోకి వస్తుంది. దిగగానే కట్ చేసిన వీడియోను ఏ స్కేటరూ నమ్మడు.

ఈ పనిలో ఎక్కువమంది తడబడేది భయం వల్ల. బోర్డు మీదికొస్తుందేమోనని చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి పోతుంది. ఫిష్‌ఐలో రెండడుగులు వెనక్కి పోతే చాలు, మనిషి ఫ్రేము మధ్యలో బొమ్మంత అయిపోతాడు. భయం అకారణమేమీ కాదు. జారిన బోర్డు సూటిగా లెన్సుకే తగిలిన సందర్భాలు ఈ రంగంలో లెక్కలేనన్ని. ఉబ్బెత్తు గాజు కాబట్టి దాని ముందు రక్షణ ఫిల్టరు బిగించే వీలూ ఉండదు. అందుకే హెల్మెట్ స్కేటర్‌కే కాదు, కెమెరా పట్టినవాడికీ కావాలి. ప్రయత్నానికి ముందు ఇద్దరూ నోరు తెరిచి మాట్లాడుకోవాలి: ఎటునుంచి వస్తావు, ఎటు దిగుతావు, తప్పితే బోర్డును ఎటు తన్నేస్తావు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా దగ్గరికి పోవడం ధైర్యం అనిపించుకోదు.

వరసగా రెండు మూడు ట్రిక్కులు ఆపకుండా చేసుకుపోయే లైన్లను తీయాలంటే కెమెరా కూడా దొర్లాలి. ఇక్కడ చాలామంది మరిచిపోయేది చక్రాలు. ట్రిక్కుల కోసం వాడే చక్రాలు సాధారణంగా 99ఏ నుంచి 101ఏ గట్టిదనంతో, 50 నుంచి 54 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. వాటి మీద నిలబడి తీస్తే ప్రతి గులకరాయీ బొమ్మలో వణుకుతుంది, చప్పుడంతా మైకులోకి దూరుతుంది. 78ఏ దగ్గర ఉండే మెత్తని, 56 నుంచి 60 మిల్లీమీటర్ల పెద్ద చక్రాలు వేసుకుంటే ఆ రెండు బాధలూ చాలావరకు పోతాయి. గరుకు తారు, పగుళ్లు, ఇసుక కలిసి ఉండే మన రోడ్ల మీద ఈ మార్పు చూపే తేడా కెమెరాను కుదురుగా నిలిపే ఏ ఖరీదైన గింబల్ చూపే తేడాకూ తీసిపోదు.

దొర్లుతూ తీయడం ఎంత దూరం తీసుకుపోగలదో చూడాలంటే 2018లో వచ్చిన బింగ్ లియూ 'మైండింగ్ ది గ్యాప్' డాక్యుమెంటరీ చూడాలి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రాక్‌ఫర్డ్ అనే పారిశ్రామిక పట్టణంలో పెరిగిన ముగ్గురు స్కేటర్ల కథ అది. ఆ ముగ్గురిలో దర్శకుడూ ఒకడు. స్టెబిలైజర్ పట్టుకుని, బోర్డు మీద స్నేహితుల వెనకే పోతూ అతను తీసిన దృశ్యాల్లో కెమెరా కూడా ఆ గుంపులో ఒక కుర్రాడిలాగే కదులుతుంది. ఆ చిత్రం ఉత్తమ డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందింది.

దూరం నుంచి

దగ్గరితనం వేగాన్ని చూపిస్తుంది. ఎత్తును నమ్మించాలంటే మాత్రం దూరం పోవాలి. 1997లో జీరో అనే స్కేట్‌బోర్డు కంపెనీ వీడియో 'థ్రిల్ ఆఫ్ ఇట్ ఆల్'లో స్కేటర్ జేమీ థామస్ శాన్ డియాగోలోని పాయింట్ లోమా హైస్కూల్లో సుమారు 18 అడుగుల కిందికి దూకాడు. బోర్డు విరిగింది, ట్రిక్కు పూర్తి కాలేదు. అయినా స్కేట్‌బోర్డు చరిత్రలో దానికి 'లీప్ ఆఫ్ ఫెయిత్' అన్న పేరు నిలిచిపోయింది. అలాంటి గెంతు విలువంతా ఎత్తులోనే ఉంటుంది. దాన్ని చూపాలంటే దూకిన చోటు, దిగిన చోటు రెండూ ఒకే ఫ్రేములో, వంకర లేకుండా కనబడాలి. ట్రైపాడ్ మీద జూమ్ లెన్సు పెట్టి, పక్కనుంచి, కెమెరాను వీలైనంత తక్కువ కదుపుతూ తీయడమే దానికి దారి. పెద్ద మెట్లు, పొడుగు రెయిలింగులు, గోడల మధ్య ఖాళీలు ఈ కోవలోకి వస్తాయి.

దూరపు లెన్సుకు ఇంకో ఉపయోగమూ ఉంది. 2014లో సుప్రీమ్ సంస్థ కోసం విలియం స్ట్రోబెక్ తీసిన 'చెర్రీ' వీడియోలో కెమెరా పాదాల దగ్గరికీ ముఖాల దగ్గరికీ జూమ్ అవుతూ పోతుంది. ట్రిక్కుకు ముందు మనిషి ఎలా నిలబడ్డాడు, పడ్డాక ఏమనుకుంటున్నాడు అన్నది కూడా చూడదగ్గదే అని ఆ వీడియో చూపించింది. దాన్ని అనుకరించి ఊరికే జూమ్ చేసేవాళ్లు తర్వాత బాగా పెరిగారు. పాదాలు కనబడాల్సిన అర సెకనులో ముఖం చూపిస్తే ట్రిక్కు పోయినట్టే.

ఇద్దరు మనుషులుంటే ఒకరు దగ్గర, ఒకరు దూరం. ఒక్కరే ఉంటే ముందు దూరం నుంచి ఒకటి భద్రంగా తీసుకుని, స్కేటర్‌కు ఓపిక ఉంటే మళ్లీ దగ్గరనుంచి అడగాలి. ఆ ఓపిక స్కేటర్‌దే. ఒళ్లు నొప్పులు పడేది అతను.

చేతిలో ఏముంది

ఫోను ఉంది. అదే చాలు, మొదలుపెట్టడానికి. ఐఫోన్ 11 నుంచి వస్తున్న 0.5 లెన్సు 120 డిగ్రీల విస్తీర్ణాన్ని చూస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దాదాపు అలాంటిదే ఉంటోంది. అది అసలైన ఫిష్‌ఐ కాదు గానీ చెయ్యిచాపు దూరంలో పనిచేస్తుంది. ఫోనును తలకిందులుగా, లెన్సు నేలకు దగ్గరగా వచ్చేలా పట్టుకుంటే పిడి ఉన్న కెమెరా ఎత్తు దొరుకుతుంది. సాయంత్రం దాటితే ఆ చిన్న లెన్సు చేతులెత్తేస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

యాక్షన్ కెమెరాల్లో గోప్రో అందరికీ తెలిసిందే. నిక్ వుడ్‌మన్ స్థాపించిన ఆ సంస్థ తొలి కెమెరా, సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ల కోసం 2004లో తెచ్చిన 35 ఎంఎం ఫిల్ము కెమెరా. దెబ్బలకు తట్టుకుంటుంది, తేలిగ్గా ఉంటుంది. 2022 నాటి హీరో11 బ్లాక్ నుంచి 8:7 నిష్పత్తిలో కూడా తీస్తుంది కాబట్టి తలా పాదాలూ రెండూ పట్టే అవకాశం పెరిగింది. ఫ్రేమును లోపలే కుదురుగా నిలిపే సౌకర్యం పగలు అద్భుతంగా ఉంటుంది. రాత్రి షట్టర్ నెమ్మదించాక బొమ్మ అలుక్కుపోతూ అదురుతుంది.

మిర్రర్‌లెస్ కెమెరా కొనేవాళ్లు పైన పిడి ఉన్న బిగింపు చట్రాన్నీ లెక్కలో కలుపుకోవాలి. ఆటోఫోకస్‌ను నమ్ముకోనక్కర్లేదు. మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో 8 మిల్లీమీటర్ల లెన్సుకు అపర్చర్ ఎఫ్/5.6 పెట్టి, ఫోకస్‌ను ముప్పావు మీటరు దగ్గర ఆపేస్తే, సుమారు 40 సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. ఇక ఆ రింగును ముట్టుకోనవసరం లేదు.

కొత్త కెమెరాల్లో చాలావాటికి ఒక చిక్కు ఉంది. ఇప్పటి సీమాస్ సెన్సర్లలో ఎక్కువభాగం బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతాయి. గరుకు నేల మీద కెమెరా అదిరితే స్తంభాలు, మెట్లు జెల్లీలా ఊగుతాయి. పాత వీఎక్స్, 2005 చివర్లో వచ్చిన పానసోనిక్ హెచ్‌వీఎక్స్200 లాంటివి సీసీడీ సెన్సర్ల మీద నడిచాయి. అవి బొమ్మంతా ఒకేసారి పడతాయి కాబట్టి ఆ ఊగిసలాట ఉండదు. బదులుగా సూర్యుడు ఫ్రేములోకి వస్తే నిలువునా తెల్లటి చార పడుతుంది. పాత కెమెరా కొనాలని సరదా పడేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి: గంట టేపును కంప్యూటర్లోకి ఎక్కించడానికి గంట పడుతుంది, సుమారు 13 జీబీ చోటు పడుతుంది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఉండని ఫైర్‌వైర్ పోర్టు కావాలి. ఓపిక, పాత కంప్యూటర్ రెండూ ఉన్నవాళ్లకే ఆ దారి.

మన దేశంలో తీసేవాళ్లు తప్పకుండా సరిచేసుకోవాల్సిన అంకె ఒకటి ఉంది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. ఆ కరెంటుతో వెలిగే చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికా అలవాటు ప్రకారం 30 లేదా 60 ఫ్రేములు, 1/60 లేదా 1/120 షట్టర్ పెట్టి ఫ్లైఓవర్ కిందో, ఇండోర్ స్టేడియంలోనో తీస్తే బొమ్మ మీద నల్లటి పట్టీలు పాకుతాయి. సెకనుకు 50 ఫ్రేములు, షట్టర్ 1/100 పెట్టుకుంటే దీపాల గొడవ తీరుతుంది, కదలికలో సహజమైన మసక కూడా సరిగ్గా కుదురుతుంది. కెమెరా మెనూలో పాల్ అన్నచోట ఇది దొరుకుతుంది. ఐఫోన్లో పాల్ ఫార్మాట్లు చూపించమని సెట్టింగుల్లో అడగాలి. షట్టర్‌ను బిగించడానికి ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో 1/100 పెడితే బొమ్మ తెల్లబారుతుంది. అప్పుడు వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు కావాలి, లేదంటే పొద్దు వాలేదాకా ఆగాలి. ఆగడమే మేలు, వాలు ఎండలో నీడలు పొడుగ్గా సాగి ఎత్తు బాగా తెలుస్తుంది.

స్లో మోషన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 100 ఫ్రేములతో తీసి 25తో నడిపితే సెకను నాలుగు సెకన్లవుతుంది. ఒక ట్రిక్కును ముందు అసలు వేగంతో చూపించి, రెండోసారి మాత్రమే నెమ్మదించాలి. వేగమే తెలియనివాడికి నెమ్మది ఏం చెబుతుంది?

ఫ్రేము ఆకారం మీద మాత్రం కాస్త పట్టుదల అవసరం. నిలబడ్డ మనిషి, కింద బోర్డు, కొంచెం నేల... ఇవి పాత 4:3 చట్రంలో చక్కగా ఇముడుతాయి. జోనా హిల్ తన 2018 సినిమా 'మిడ్90స్'ను సూపర్ 16 ఎంఎం ఫిల్ము మీద అదే నిష్పత్తిలో తీశాడు. ఫోన్లకోసం నిలువుగా తీస్తే మనిషి పడతాడు గానీ దారి పడదు. ఎటునుంచి వచ్చాడో, ఎటు పోతున్నాడో తెలియని స్కేటింగ్‌లో రుచి ఉండదు.

చవక కెమెరా ఎవరినీ ఆపలేదనడానికి ఈ రంగమే సాక్ష్యం. స్టేసీ పెరాల్టా 1984లో 'ది బోన్స్ బ్రిగేడ్ వీడియో షో'తో స్కేట్‌బోర్డును వీహెచ్‌ఎస్ క్యాసెట్ల ద్వారా ఇళ్లలోకి తెచ్చాడు. 1991లో బ్లైండ్ కంపెనీ కోసం 'వీడియో డేస్' తీసిన స్పైక్ జోన్జ్ తర్వాత 'హర్' సినిమాకు ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే ఆస్కార్ అందుకున్నాడు. 2003లో అతనూ టై ఇవాన్స్ కలిసి తీసిన 'యా రైట్!'లో బోర్డులకు ఆకుపచ్చ రంగు వేసి, ఎడిటింగ్‌లో ఆ రంగును చెరిపేసి, స్కేటర్లు గాలి మీదే దొర్లుతున్నట్టు చూపించారు. అప్పటికి అది కొత్త ఊహ. ఊహకు ఖరీదు లేదు.

2020 బాఫ్టా అవార్డుల్లో బ్రిటిష్ లఘుచిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన ఐదింటిలో రెండు స్కేట్‌బోర్డు గురించినవే. మన పొరుగున తమిళనాడులోని మహాబలిపురంలో ఒక తల్లీకూతుళ్ల మీద తీసిన 'కమలి' ఒకటి. కాబూల్‌లో చదువుతోపాటు స్కేటింగ్ నేర్చుకున్న ఆడపిల్లల మీద తీసిన 'లెర్నింగ్ టు స్కేట్‌బోర్డ్ ఇన్ ఎ వార్‌జోన్' రెండోది. బాఫ్టా, ఆ ఏడాది ఆస్కార్ రెండూ దానికే వచ్చాయి. రెంటిలోనూ కెమెరా ట్రిక్కుల దగ్గర ఆగిపోలేదు, పిల్లల ముఖాల దాకా వెళ్లింది. అంత దగ్గరికి పోయేవాళ్లు పిల్లలను తీసేటప్పుడు తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. ప్రైవేటు ఆవరణలో కాపలాదారు వచ్చి ఆపితే కెమెరా దించి మర్యాదగా మాట్లాడాలి.

డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు ఖర్చు పెట్టాల్సిన వరస ఇది: మొదట సొంత బోర్డుకు మెత్తని చక్రాలు, ఒక హెల్మెట్. తర్వాత గాలిహోరు ఆపే తొడుగుతో చిన్న మైకు. ఆ తర్వాత లెన్సు. అన్నిటికన్నా చివర కెమెరా. ఈ ఆదివారం సాయంత్రం చేతిలో ఉన్న ఫోనుతోనే ఒక స్నేహితుడి ఒల్లీని చెయ్యిచాపు దూరం నుంచి ఒకసారి, పది అడుగుల నుంచి ఒకసారి, రోడ్డు అవతలినుంచి ఒకసారి తీసి చూడండి. మీ చెయ్యి ఏ దూరంలో కుదురుగా నిలబడిందో, ఆ దూరానికి పనికొచ్చే కెమెరానే కొనండి.